చిన్నపిల్లల కేంద్రాల తనిఖీ: హోమ్‌సైన్సు చదివిన అమ్మాయికి ఉన్న దారి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఈ ఏడాది హోమ్‌సైన్సు డిగ్రీ పూర్తిచేసింది. అంగన్‌వాడీలు, ప్లేస్కూళ్లు నిబంధనల ప్రకారం నడుస్తున్నాయో లేదో చూసే ఉద్యోగం చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం అసలు ఉందా? బి.ఎడ్. చేయించమని బంధువులంటున్నారు. తనిఖీ ఉద్యోగమంటే ఊరందరితో మాట పడాల్సి వస్తుందేమోనని నా భయం.

జవాబు: అయ్యా, మీ అమ్మాయి కోరుకుంటున్న పని ఉంది. అయితే అది ఆ పేరుతో ఒకే ఉద్యోగంగా మన దగ్గర దొరకదు. ఆస్ట్రేలియాలో 2012 నుంచి శిశువిద్యా కేంద్రాలన్నింటికీ ఒకే జాతీయ నాణ్యతా విధానం ఉంది, ఏడు అంశాలను పరిశీలించి ప్రతి కేంద్రానికీ శ్రేణి ఇచ్చే అధికారులు ప్రత్యేకంగా ఉన్నారు. మన దగ్గర ఈ బాధ్యత ఒక్కచోట లేదు. అంగన్‌వాడీలను స్త్రీ, శిశు సంక్షేమ శాఖ చూస్తుంది. ప్రైవేటు ప్లేస్కూళ్ల విషయానికొస్తే, విద్యాహక్కు చట్టం ప్రధానంగా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది కాబట్టి అంతకన్నా చిన్నవాళ్ల బడులు చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. వీటికోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు రూపొందించింది. మూడేళ్లు నిండని పిల్లలను చేర్చుకోరాదని, ప్రతి 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, ప్రహరీ, సీసీ కెమెరాలు తప్పనిసరి అని అవి చెబుతున్నాయి. నిబంధనలు కాగితం మీద బాగానే ఉన్నాయి. వెళ్లి చూసే కళ్లే తక్కువగా ఉన్నాయి, అందుకే మీ అమ్మాయి కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు.

ఆమెకు దగ్గరి దారి, అంగన్‌వాడీలను నడిపే సమీకృత శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్)లో సూపర్‌వైజరు ఉద్యోగం. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో సూపర్‌వైజరు చేతికింద సుమారు 25 అంగన్‌వాడీ సెంటర్లతో ఒక సెక్టారు ఉంటుంది. ఆమె పైన శిశు అభివృద్ధి పథకం అధికారి (సీడీపీవో), జిల్లా స్థాయిలో ప్రాజెక్టు డైరెక్టరు (పీడీ) ఉంటారు. మన రాష్ట్రంలో గ్రేడ్-2 సూపర్‌వైజరు పోస్టులను పనిచేస్తున్న అంగన్‌వాడీ కార్యకర్తలతో, అంటే అక్కడి టీచర్లతో, నింపుతూ వచ్చారు. గ్రేడ్-1 పోస్టులకు, సీడీపీవో పోస్టులకు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (ఏపీపీఎస్సీ) నోటిఫికేషన్లు ఇస్తుంది. హోమ్‌సైన్సు, సోషల్ వర్క్, సోషియాలజీ, పోషకాహార శాస్త్రం వంటి సబ్జెక్టుల డిగ్రీనే ఇవి అడుగుతాయి కాబట్టి మీ అమ్మాయి చదువు సరిగ్గా ఈ తలుపు ముందే నిలబడి ఉంది. బి.ఎడ్. పెద్ద తరగతుల బోధనకు పనికొస్తుందే తప్ప ఈ దారిలో దానివల్ల ఒరిగేది తక్కువ. నోటిఫికేషన్లు ఏటా రావు, అది నిజం. ఎదురుచూసే కాలంలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా దూరవిద్యగా చదవవచ్చు, ఆ తరువాత సోషల్ వర్క్‌లో పీజీ (ఎం.ఎస్.డబ్ల్యూ.) గురించి ఆలోచించవచ్చు.

ఇక మీ భయం. దానికి సమాధానంగా నేను కళ్లారా చూసినది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సూపర్‌వైజరుతో కలిసి పడవ దాటి ఒక లంక గ్రామంలోని సెంటరుకు వెళ్లాను. ఆమె రిజిస్టరు అడగలేదు. చెప్పులు విప్పి పిల్లల పక్కన చాపమీద కూర్చుని, ఆ ఎత్తు నుంచి గది అంతా కలియజూశారు. తలుపు గడియ పిల్లలకు అందుతోందా, నీళ్లబిందెలో గ్లాసు ముంచుతున్నారా లేక పొడుగు కాడ గరిటెతో తీస్తున్నారా, వంటగదికీ పిల్లలకీ మధ్య అడ్డు ఉందా అని గమనించారు. తరువాత దూలానికి వేలాడుతున్న త్రాసు దగ్గరికి వెళ్లి, పిల్లలను ఎక్కించకముందే ముల్లు వైపు చూశారు. ఖాళీ త్రాసే 400 గ్రాములు చూపిస్తోంది. అంటే నెలల తరబడి ప్రతి బిడ్డకూ లేని బరువు రాస్తూ వచ్చారన్నమాట. ఆమె మర తిప్పి ముల్లును సున్నాకు తెచ్చి పిల్లలందరినీ మళ్లీ తూయించేసరికి, బాగానే ఉన్నారనుకున్న వాళ్లలో ఇద్దరు తక్కువ బరువు గీత కిందికి దిగారు. టీచరు ముఖం పాలిపోయింది. "తప్పు త్రాసుదమ్మా, నీది కాదు. రేపటినుంచి ముందు ముల్లు చూడు" అని మాత్రమే అన్నారామె. ఆ ఇద్దరి తల్లులతో మాట్లాడడానికి ఇంటికి కూడా టీచరునే వెంటబెట్టుకుని వెళ్లారు. ఆ సెక్టారులో ఆమెను తిట్టుకునేవాళ్లు నాకు కనపడలేదు. మాట పడేది వచ్చి కూర్చుని, సంతకం పెట్టి, కేకలేసి వెళ్లేవాళ్లు.

కష్టం లేదని చెప్పను. హాజరు ముప్పై రాసి ఉండి చాపమీద పద్నాలుగు మందే కనిపించిన రోజున ఉన్నది ఉన్నట్టు రాయాలి, రాయవద్దని బతిమాలేవాళ్లు ఉంటారు. పైగా మన డెల్టాలో రాష్ట్రమంతటికీ రాసిన చెక్‌లిస్టు సరిపోదు. కాలవ గట్టున ఉన్న సెంటరుకు గేటు గడియ అన్నిటికన్నా ముందు చూడవలసిన సంగతి. ఊళ్లో గది ఎంత బాగున్నా వెనక రొయ్యల చెరువు ఉంటే కంచె ఎక్కడ తెగిందో తిరిగి చూడాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో తాగునీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి పిల్లలు తాగుతున్న నీళ్లు ఎక్కడివో అడగాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లే మునిగాయి. అందువల్ల బియ్యం, బాలామృతం సంచులు నేలమీద ఉన్నాయా, అటక మీద ఉన్నాయా అని జూన్‌లోనే చూసుకునే సూపర్‌వైజరు కావాలి. ఈ నేల మీద పుట్టిన అమ్మాయికి ఇవి ఎవరూ నేర్పనవసరం లేదు, అది ఆమె బలం.

ముందుగా అంగన్‌వాడీ టీచరుగా చేరవచ్చు కదా అని మీకు తోచవచ్చు. మన రాష్ట్రంలో ఆ పోస్టుకు వివాహిత అయి, ఆ ఊరి కోడలో, నివాసో అయి ఉండాలని అడుగుతున్నారు కాబట్టి పెళ్లికాని మీ అమ్మాయికి అది ఇప్పుడు కుదరదు. ఉద్యోగం కోసం పెళ్లి తొందర పెట్టకండి. దానికి బదులు ఏదైనా మంచి ప్లేస్కూల్లో ఒక ఏడాది పిల్లల మధ్య పనిచేయనివ్వండి, జీతం తక్కువైనా సరే. పిల్లలకు అన్నం తినిపించని మనిషి భోజనం నాణ్యత మీద రాసే నివేదికలో పస ఉండదు.

ఈలోగా మీ ఊరి సెంటరుకు టీచరు అనుమతితో ఒక వారం వెళ్లి రమ్మనండి. తప్పులు రాసుకోవద్దని ముందే చెప్పండి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలుస్తున్నారా, దాటినవాళ్లను నిలబెట్టి ఎత్తు కొలుస్తున్నారా, గుడ్డు ఇంటికి పంపేస్తున్నారా లేక అక్కడే తినిపిస్తున్నారా, ఏడ్చే బిడ్డను ఎవరు ఎత్తుకుంటున్నారు అన్నవి రోజుకో పేజీ రాసుకోమనండి. ఆ పేజీలన్నీ నాకు పంపితే, ఏపీపీఎస్సీ పరీక్షకు ఏ సబ్జెక్టు నుంచి మొదలుపెట్టాలో వాటిని చదివి చెబుతాను.