ఐపీ పెడితే అప్పులు పోతాయా?

ప్రశ్న: మాది ఖమ్మం. మావారు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు నడిపేవారు. రోడ్డు వెడల్పులో షాపు సగం పోయింది, అదే ఏడాది మామగారికి పెద్ద ఆపరేషన్ అయింది. ఇంటి మీద బ్యాంకుకు 11 లక్షలు, పర్సనల్ లోను, క్రెడిట్ కార్డులు కలిపి 6.4 లక్షలు, ప్రామిసరీ నోట్ల మీద మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి 16 లక్షలు ఉన్నాయి. ఇల్లు అమ్మితే 20 లక్షలు రావచ్చు. ఇప్పుడు ఆయన జీతం 28 వేలు, నా స్కూలు జీతం 14 వేలు. ఇల్లు నా పేరున గిఫ్ట్ డీడ్ రాసి ఐపీ (కోర్టులో దివాలా పిటిషన్) పెట్టమని ఆయన స్నేహితుడు చెబుతున్నాడు. అలా చేస్తే అప్పులు పోతాయా?

జవాబు: ముందు ఆ గిఫ్ట్ డీడ్ ఆలోచన మానేయండి. ఐపీ పెట్టిన మనిషి అంతకు ముందు రెండేళ్లలో భార్యాబిడ్డల పేరున ఉచితంగా రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయగలదు. పైగా ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది. ఇల్లూ దక్కదు, ‘ఆస్తి దాచారు’ అన్న మచ్చ మాత్రం మిగులుతుంది. రేపు కోర్టులో మీవారిని కాపాడాల్సింది ఆయన నిజాయితీ ఒక్కటే.

ఇప్పుడు లెక్క చూద్దాం. నోట్ల మీద వడ్డీయే నెలకు 48 వేలు. మీ ఇద్దరి జీతాలు కలిపితే 42 వేలు. అన్నం మానేసి కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఇది పొదుపుతో తీరే అప్పు కాదు. బంగారం కుదువపెట్టి ఇంకో ఆర్నెల్లు లాగుదామనుకుంటే ఆ బంగారం కూడా వడ్డీలోకే పోతుంది.

ఇల్లు అమ్మి బ్యాంకుకు కట్టేస్తే చేతిలో 9 లక్షలు మిగులుతాయి. తాకట్టు లేని బాకీలు 22.4 లక్షలు. అంటే రూపాయికి 40 పైసలు. నేనైతే మొదట ఈ లెక్కనే అప్పులవాళ్లందరి ముందూ ఒకేసారి పెడతాను. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు; మహిళగా మీకు ఉచిత న్యాయసాయానికి హక్కు ఉంది. ఎవరైనా ఒప్పుకుంటే నోటు, ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి. బ్యాంకులు, కార్డుల వాళ్ల దగ్గర సెటిల్‌మెంట్ లెటర్ తీసుకోండి. ‘ముందు మా అన్నయ్యకు ఇచ్చేద్దాం’ అనిపిస్తుంది, సహజం. కానీ ఐపీకి ముందు మూడు నెలల్లో ఒకరికే మేలు చేయాలని కట్టింది కూడా రద్దు కావచ్చు.

వాళ్లు ఒప్పుకోకపోతే అప్పుడు ఐపీ. కొత్త దివాలా చట్టం 2016లో వచ్చినా, మామూలు వ్యక్తులకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకే 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. మీవారికి ఇప్పటికీ 1920 నాటి చట్టమే. 500 రూపాయల అప్పుంటే చాలు, పిటిషన్ వేయొచ్చన్న నిబంధన ఇంకా అందులో ఉంది! సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. పిటిషన్ వేసిన రోజే అప్పులవాళ్లు ఆగిపోరు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక మాత్రం వాళ్లు కోర్టు అనుమతి లేకుండా ఆ బాకీల కోసం ఆయన మీదకు, ఆస్తి మీదకు రాలేరు. ఆస్తి రిసీవర్ (కోర్టు తరఫున ఆస్తిని చూసే వ్యక్తి) చేతికి పోతుంది. వంటపాత్రలు, బట్టలు, పనిముట్లు, మీ మంగళసూత్రం లాంటివి ముట్టుకోరు.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ప్రకటించేటప్పుడే కోర్టు ఒక గడువు పెడుతుంది, ఆలోగా డిశ్చార్జి (అప్పుల నుంచి విముక్తి) కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. చేయకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మం ముందుంటారు. పాత బాకీల నుంచి బయటపడేసేది డిశ్చార్జి ఉత్తర్వే. ఆస్తి రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అది తన తప్పు వల్ల కాదని చూపించాలి. లేకపోతే పూర్తి డిశ్చార్జి ఇవ్వరు, షరతులు పెట్టవచ్చు. మీది 40 పైసలే కదా, అందుకే మున్సిపాలిటీ ఇచ్చిన నోటీసు, ఆసుపత్రి బిల్లులు, మూడేళ్ల షాపు లెక్కల పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టండి. లాయరు కన్నా ఆ ఫైలే ముఖ్యమంటాను.

డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు పోవు. ష్యూరిటీ సంతకం పెట్టినవాళ్లకు విముక్తి లేదు. మీరు ఏ నోటు మీదైనా, లోను కాగితం మీదైనా సంతకం పెట్టారా? పెట్టి ఉంటే ఆ బాకీ మీ మీదకు వస్తుంది, మీ సంగతి కూడా విడిగా చూడాలి. వడ్డీ వ్యాపారి దగ్గర ఖాళీ చెక్కులుంటే చెక్ బౌన్స్ కేసు ఐపీతో ఆగదు, అది క్రిమినల్ కేసు.

పరువు గురించి టెన్షన్ పడుతున్నారని తెలుసు. బంధువుల్లో కొన్నాళ్లు మాటలుంటాయి. ఈలోగా రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేస్తే కాల్ వివరాలు దాచి ముందు బ్యాంకుకు, వినకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. డిశ్చార్జి వచ్చేదాకా మీవారు తన పరిస్థితి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే. సిబిల్‌లో మచ్చ కొన్నేళ్లుంటుంది, ఎలాగూ ఆ కొన్నేళ్లు మీకు కొత్త అప్పు వద్దు.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద ప్రతి అప్పూ రాయండి: ఎవరికి, ఎంత, ఏ తేదీ, ఎవరి సంతకం, ఎన్ని ఖాళీ చెక్కులు. పిటిషన్‌కైనా, లోక్ అదాలత్‌కైనా మొదట అడిగేది ఆ కాగితమే.