విగ్రహం సంగతి తర్వాత, ముందు ఆయన నోటు పుస్తకం వెతకండి

ముప్పై ఏళ్ళు ఊరి పనులన్నీ తన నెత్తిన వేసుకుని చేసిన మాజీ సర్పంచ్ గారు పోయారని, కుర్రాళ్ళు విగ్రహం పెడదామంటున్నారని, ఇలాంటప్పుడు మీ ఊళ్ళలో ఏం చేశారని అడిగారు. మా ఊళ్ళో ఆరేళ్ళ క్రితం ఈ పని చేశాం. మొదట బాగా చెడగొట్టి, తర్వాత కొంత సరిదిద్దుకున్నాం. రెండూ చెబుతాను.

మాది తెనాలి వైపు కాలువ గట్టు ఊరు. పోయినది మా తెలుగు మాస్టారు. ఉద్యోగ విరమణ తర్వాత ఒక విడత పంచాయతీ వార్డు సభ్యుడిగా ఉన్నారు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా, అది చేరవలసిన చోటికి చేరిందా అని ప్రతి సమావేశంలోనూ లేచి అడిగేవారు. ఆయన లేస్తుంటే మిగతావాళ్ళు గడియారం చూసుకునేవారు. ఆ విడత అయిపోయాక మళ్ళీ ఏ పదవీ లేదు. పొద్దున్నే ఐదున్నరకు ఊరి గ్రంథాలయం తాళం తీయడం, పేపర్లు బల్ల మీద పరచడం, పింఛను దరఖాస్తులు నింపడం, ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం నడపడం, ఇదే ఆయన పని.

మా వైపు గ్రంథాలయాల పిచ్చి పాతదే. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారి పూనికతో 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు పడవలోకే పుస్తకాలు ఎక్కించి కాలువ మీద తిప్పారు. ఆ పడవలో కూర్చుని చదివినవారిలో తన తండ్రి కూడా ఉన్నారని మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఇక మేము చెడగొట్టిన సంగతి. పెద్దకర్మ అయిన నాలుగో రోజున సంస్మరణ సభ పెట్టాం. ఆరు గంటలకని పిలిచి, ముఖ్య అతిథి కోసం ఎనిమిది దాకా కూర్చోబెట్టాం. ఫ్లెక్సీలో మాస్టారి బొమ్మ ఒక మూలకు పోయింది, మిగతా చోటంతా చందా ఇచ్చినవాళ్ళదే. వేదిక ఎక్కిన ప్రతివారూ 'నిస్వార్థ సేవ', 'తీరని లోటు', 'ఆయన ఆశయాలు' అన్నారు. పదకొండు మంది మాట్లాడితే ఒక్కరూ ఆయన ఏం చేసేవారో చెప్పలేదు. మాస్టారి భార్యను మేమంతా పిన్నిగారు అంటాం. ఆవిడ వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, శాలువా కప్పే సమయానికి ఇంటికి వెళ్ళిపోయారు. వెతుక్కుంటూ వెళ్తే గేదెకు కుడితి పెడుతున్నారు.

అందుకే నా మొదటి సలహా: మీ సభలో పదవుల జాబితా చదవకండి, ఒక్కొక్కరినీ ఒక్కొక్క సంఘటన చెప్పమనండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు రాజ్యాంగ సభలో ఉన్నారు, ప్రణాళికా సంఘంలో ఉన్నారు, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. మన వాళ్ళు ఎక్కువగా చెప్పుకునేది మాత్రం 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర జరిగిన సంగతి. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు, అక్కడ వాలంటీరు. టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని ఆపేసి, టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలిన పిల్ల. మనిషి ఎలాంటిదో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోతుంది. మీ సర్పంచ్ గారికీ అలాంటివి పది ఉంటాయి. రాయించి పెట్టండి. గుర్తున్నవాళ్ళు కూడా పెద్దవాళ్ళే అయి ఉంటారు, ఆలస్యం చేయకండి.

సభ జరిగిన వారానికి పిన్నిగారు నన్ను పిలిచి గ్రంథాలయం తాళంచెవి, ఒక పొడుగాటి నోటు పుస్తకం చేతిలో పెట్టారు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసుకున్న లెక్క అది. తిరిగి వస్తే ఎర్ర సిరాతో అడ్డగీత. రానివాటి పక్కన జరిమానా రాసి ఉంటుందనుకున్నాను. అలా లేదు. 'కూతురి పెళ్ళి పనుల్లో ఉన్నారు, ఉగాది తర్వాత అడగాలి.' 'కళ్ళజోడు విరిగింది, చదవలేక ఇవ్వలేదు.' ఆ పక్కనే వేరే సిరాతో 'కళ్ళజోడు తెచ్చాను.' నా పేరు కూడా ఉంది. ఇంటర్‌లో ఉండగా తీసుకుని మరిచిపోయిన పుస్తకం. 'పరీక్షలు, అడగవద్దు' అని రాసుకున్నారు. ఆ పరీక్షలు అయి అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

ఆ నోటు పుస్తకం పట్టుకుని నలుగురం ఇల్లిల్లూ తిరిగాం. నలభై చిల్లర పుస్తకాలు తిరిగి వచ్చాయి. అంతకంటే ముఖ్యం, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆయన పోయాక ఆగిపోయిన పని ఒకటి బయటపడింది. ఒక ముసలమ్మకు పింఛను కాగితం ఎవరూ నింపలేదు. ఆ ఏడు చలివేంద్రం లేదు, కుండలు గ్రంథాలయం వెనక బోర్లించే ఉన్నాయి. ఆయన ఒక్కరే చేసిన పనులకు ఆరుగురం కావలసి వచ్చింది. పొద్దున్న తాళం తీయడం నా వంతు. మొదటి నెలలో మూడు రోజులు నిద్రపోయాను, పేపర్ల కోసం వచ్చిన తాతలు మా తలుపు కొట్టారు.

మీరూ ముందు ఆ జాబితా వేసుకోండి: ఆయన లేకపోతే ఈ నెలలో ఏయే పనులు ఆగాయి? ఎవరు ఏది పట్టుకుంటారు? 'అందరం చూసుకుందాం' అంటే ఎవరూ చూడరు. పని పక్కన పేరు ఉండాలి.

విగ్రహం విషయం. రోడ్ల మీద, కాలిబాటల మీద, జనం వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. కుర్రాళ్ళు నాలుగురోడ్ల కూడలి అంటున్నట్టయితే అక్కడితో ఆపమనండి. సొంత స్థలంలో అయితే మీ ఇష్టం. మా ఊళ్ళో చందాలు వసూలు చేశాక చోటు కోసం రెండు బజార్ల వాళ్ళు పోట్లాడుకున్నారు. చివరికి విగ్రహం మాట పక్కనపెట్టి ఆ డబ్బుతో గ్రంథాలయం పైకప్పు మార్చాం. దాని మీద ఇప్పటికీ అలిగి మాట్లాడనివాళ్ళు ఉన్నారు, ఉండనీయండి.

డబ్బు వసూలు చేస్తే మొదటి రూపాయి నుంచి రసీదు ఇవ్వండి. ఏటా చేసే పని అయితే సంఘం రిజిస్టరు చేయించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మేము ఆరుగురమే ఉన్నాం, ఏడో పేరు పిన్నిగారిది. సంతకం పెట్టేటప్పుడు, "నన్ను మళ్ళీ వెనక కుర్చీలో కూర్చోబెట్టరు కదా?" అన్నారు.

ఇప్పుడు వర్ధంతి సభ మధ్యాహ్నం మూడింటికి పెడుతున్నాం. నాలుగున్నరకు ఆవిడ గేదె పాలు పిండుకోవాలి కాబట్టి ముగింపు సమయం కూడా ఆవిడే చెబుతారు. మీ సర్పంచ్ గారి ఇంట్లోవాళ్ళను అడిగారా, వాళ్ళకు ఏ రోజు, ఏ వేళ వీలవుతుందో?