నాయన దగ్గర మనిషి నిలవడం లేదంటే

నెల్లూరు దర్గామిట్ట నుంచి డాలస్ వచ్చి పది నెలలైన ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల నాయనకి పక్షవాతం, కుడివైపు పడిపోయింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. "ఏందక్కా ఇది, నాయనని చూసుకోడానికి పెట్టిన మనుషులు ఏడు నెలల్లో నలుగురు మారారు. నెల తిరక్కుండానే చెప్పాపెట్టకుండా పోతున్నారు. జీతం పెంచినా అంతే. మంచి ఏజెన్సీ ఏదన్నా ఉంటే చెప్పు" అన్నాడు.

ఏజెన్సీ పేరు నేను చెప్పలేను. ఆ నలుగురూ ఎందుకు పోయారో మాత్రం చెప్పగలను, ఆ పని నేనూ చేశాను కాబట్టి. మాది కావలి. ఇక్కడ అమెరికాలో ఉద్యోగం చేసుకునే కాగితం చేతికొచ్చాక మూడేళ్లు ఒక నర్సింగ్ హోంలో, అంటే ముసలివాళ్లనీ లేవలేనివాళ్లనీ ఉంచుకుని చూసుకునే చోట, సీఎన్‌ఏగా పనిచేశాను. సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ అన్నమాట. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, తినిపించడం, బాత్రూంకి తీసుకెళ్లడం, మంచంలో పక్కకి తిప్పడం. మన ఊళ్లో "ఆయా పనే కదా" అంటారు. మా అత్తగారికి కూడా చాన్నాళ్లు "హాస్పిటల్లో చేస్తోంది" అనే చెప్పుకున్నాం.

ఆ ఆయా పనికి అమెరికా కేంద్ర చట్టం తక్కువలో తక్కువ 75 గంటల శిక్షణ ఉండాలంటుంది. మా టెక్సస్‌లో 100 గంటలు, అందులో 40 గంటలు రోగుల దగ్గరే. కాలిఫోర్నియాలో 160. ఆ తర్వాత పరీక్ష. నాకు మొదట్లోనే నేర్పిన సంగతి, పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపకూడదని. భుజం కీలు జారుతుంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, బాగున్న వైపు కుర్చీ వేసి, మన నడుం కాకుండా మోకాళ్లు వంచి, ఆ బెల్టు పట్టుకుని లేపాలి. అలా చేస్తే ఆయన బరువు కొంత ఆయన కాలే మోస్తుంది.

ఇవేవీ ఎవరూ నేర్పకుండా మీ ఇంటికొచ్చిన అమ్మాయి డెబ్భై కేజీల మనిషిని రోజుకి అయిదారు సార్లు ఒక్కతే ఎత్తుతోంది. పదిహేను రోజులకి ఆమె నడుం పడిపోతుంది. పైగా "24 గంటల మనిషి" అని మాట్లాడుకున్నారు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పమని డాక్టరు చెప్పాడు కదా, రాత్రి ఆమె పడుకునేదెప్పుడు? మా నర్సింగ్ హోంలో ఒకరు ఎనిమిది గంటలు చేశాక ఇంకొకరు వచ్చేవాళ్లు. అయినా ఇంటికెళ్లి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు నాకు.

ఇంత తెలిసిన నేనే మా అమ్మ మంచాన పడినప్పుడు అదే తప్పు చేశాను. కందుకూరు వైపు నుంచి ఒకామెని ఏజెన్సీ పంపింది. నెలకి 22,000 కట్టేవాళ్లం. ఇంట్లో కెమెరా పెట్టించి, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే ఎండాకాలంలో అక్కడ పొద్దున ఎనిమిదికి, ఫోన్లో చూస్తూ కూర్చునేదాన్ని. "అమ్మకి ఇంకా టిఫిన్ పెట్టలేదే", "ఎందుకు కూర్చున్నావ్" అని అడిగేదాన్ని. సంక్రాంతికి రెండు రోజులు ఊరెళ్తానంటే కుదరదన్నాం. కనుమ నాడు బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. కోపంగా ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది, ఆమె చేతికి వచ్చేది 14,000 అని. మిగతాది ఏజెన్సీది. మధ్యాహ్నం అంట్లు తోమేది కూడా ఆమేనట. కెమెరాలో అది నాకు కనిపించలేదు, వంటింట్లో కెమెరా పెట్టలేదు కదా!

తర్వాత ఇద్దరిని పెట్టాం, పగటికి ఒకరు, రాత్రికి ఒకరు. ఖర్చు పెరిగింది, నిజమే. జీతం ఒకటో తేదీకల్లా నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో వేశాం. వారానికో రోజు సెలవు, ఆ రోజుకి మా పిన్ని. అంట్లకీ బట్టలకీ వేరే మనిషి. ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ఇంకో గంట డబ్బులిచ్చి, ఎత్తడం, తిప్పడం ఆ ఇద్దరికీ నేర్పించమన్నాం. నేను ఫోన్ చేసినప్పుడు ముందు "నువ్వు తిన్నావా" అని అడగడం మొదలుపెట్టాను. పగలు చేసిన ఆమె రెండేళ్లు ఉంది, మా అమ్మ పోయేదాకా.

అమెరికా వాళ్లు మొదట్నుంచీ మంచివాళ్లని అనుకునేరు. ముసలివాళ్లకి "తోడుగా ఉండే పని" అని పేరుపెట్టి 1974లో ఇళ్లలో చేసేవాళ్లని కనీస వేతనం, ఓవర్‌టైం నుంచి తప్పించారు. ఏజెన్సీల ద్వారా వెళ్లేవాళ్లకి ఆ మినహాయింపు తీసేసే రూలు అమలయింది 2015లో. నలభై ఏళ్లు పట్టింది. తోడుగా ఉండటం పని కాదన్న మాట కావలిలోనూ విన్నాను, ఇక్కడా విన్నాను.

"ఇదంతా ఎందుకు, అమ్మానాయనని ఇక్కడికే తెచ్చుకుంటా" అన్నాడు తమ్ముడు. తెచ్చుకో, కానీ లెక్క చూసుకుని. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకి మామూలుగా డబ్బులివ్వవు. గ్రీన్ కార్డు వచ్చినా, ఇక్కడ ఉద్యోగం చేసి ఎరగని తల్లిదండ్రులు మెడికేర్, అంటే ఇక్కడ ముసలివాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, కొనుక్కోవాలంటే 65 దాటి ఉండాలి, అయిదేళ్లు ఇక్కడే ఉండి ఉండాలి. ఆ మెడికేర్ కూడా రోజూ స్నానం చేయించే మనిషికి నెలల తరబడి డబ్బులివ్వదు. ఇంకోటి, విజిటర్ వీసా మీద వచ్చిన ఆంటీని క్యాష్ ఇచ్చి పెట్టుకోమని ఎవరో ఒకరు చెప్తారు. ఆ వీసా మీద పనిచేయకూడదు. పట్టుబడితే ముందు నష్టపోయేది ఆవిడే. మీ ఆవిడకి సీఎన్‌ఏ చేయాలని ఉందన్నావు, సంతోషం. నీ హెచ్1బీ వెంట వచ్చే హెచ్4 వీసా మీద ఉంటే, ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే కాగితం, వచ్చాకే పనిలో చేరాలి.

మీ మేనకోడలు ఈ పనికి యూకే వెళ్లే సంగతి అడిగిందన్నావు కదా, ఆమెకి ఈ మాట చేరవెయ్యి. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని, అంటే ఇలా మనుషుల్ని చూసుకునేవాళ్లని, తీసుకోవడం యూకే 2025 జులై 22న ఆపేసింది. ఆ పనికి వీసా ఇప్పిస్తానని ఇప్పుడు ఎవరైనా డబ్బులడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అంత ఇష్టం ఉంటే మన దగ్గరే ఏఎన్ఎం నర్సు కోర్సు రెండేళ్లు చదవమను.

నువ్వు వచ్చే నెల నెల్లూరు వెళ్తున్నావు. నేను చెప్పిన బెల్టుని ఇక్కడ గెయిట్ బెల్ట్ అంటారు, మందుల షాపులో పది పదిహేను డాలర్లకి దొరుకుతుంది. రెండు కొని సూట్‌కేసులో వేసుకో. వెళ్లిన రోజే, ఆ నలుగురి తర్వాత వచ్చిన అయిదో ఆమెతో కలిసి నువ్వూ నాయనని లేపి చూడు.