మారతహళ్ళి మేడ మీద ఒరాయన్ నెబ్యులా: ఫోటో నారింజ రంగులో ఎందుకొస్తోంది?

బెంగళూరులోని మారతహళ్ళిలో మేడ మీద నుంచి ఒరాయన్ నెబ్యులాను (ఆకాశంలో వాయువు, ధూళి మబ్బు) తీస్తే ఫోటో నారింజగా వస్తోందని అడిగారు. 50 ఎంఎం లెన్సుతో షట్టర్‌ను 30 సెకన్లు తెరిచి ఉంచానన్నారు కదా, తప్పు అక్కడే. బెంగళూరు ఆకాశంలో అంతసేపు తెరిస్తే వీధి దీపాల వెలుగే నిండిపోతుంది, చుక్కలు గీతలవుతాయి. కెమెరా బాగానే ఉంది, మార్చకండి.

1. మీది క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్) కెమెరా అన్నారు కాబట్టి షట్టర్ 5 సెకన్లు, లెన్సు ద్వారం ఎఫ్/2.8, వెలుగును పెంచి చూపే ఐఎస్ఓ 800, ఫైలు రా ఫార్మాట్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు).

2. అందరూ వదిలేసేది ఫోకస్. లెన్సు మీది ఇన్‌ఫినిటీ (అతి దూరం) గుర్తును నమ్మొద్దు. ఆటోఫోకస్ ఆపి, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) బాగా మెరిసే సిరియస్ చుక్కను 10 రెట్లు పెద్దది చేసి, లెన్సు ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. చుక్క చిన్నదవుతూ వచ్చి మళ్ళీ ఉబ్బుతుంది. అతి చిన్నగా ఉన్నచోట ఆపి రింగుకు టేపు వేయండి. నేను టేపు వేయక ఒక రాత్రంతా 180 మసక ఫోటోలు తీశాను. గంటకోసారి మళ్ళీ చూసుకోండి.

3. గొల్లకావడి (ఒరాయన్ నడుము పట్టీ) మూడు చుక్కల కింద వేలాడే మసకే నెబ్యులా. దాన్ని ఫ్రేము మధ్యలో పెట్టి కనీసం 200 ఫోటోలు తీయండి. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేదు కాబట్టి పది నిమిషాలకోసారి మళ్ళీ మధ్యకు తెచ్చుకోవాలి. షట్టర్‌ను వేలితో నొక్కొద్దు, టైమర్ పెట్టండి.

4. చివర్లో లెన్సుకు మూత పెట్టి, అవే సెట్టింగులతో 20 ఫోటోలు తీయండి, సెన్సార్ మచ్చలను తీసేయడానికి ఇవి పనికొస్తాయి.

5. అన్నీ డీప్‌స్కైస్టాకర్‌లో (ఫోటోలను ఒకదానిపై ఒకటి పేర్చి ఒక్కటిగా చేసే సాఫ్ట్‌వేర్) వేయండి, ఉచితమే. నారింజ రంగును ఆ తర్వాత సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్‌తో (ఆకాశపు వెలుగును తీసేసే సాధనం) తీసేయొచ్చు.

వీధి దీపాల వెలుగును ఆపే ఫిల్టర్ కొనాలా అన్నారు. ఇప్పుడొద్దు. తెల్ల ఎల్ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది, మామూలు ఫిల్టర్‌తో అది పెద్దగా ఆగదు.