పిల్ల చనిపోతుంటే ఎవరూ ఎందుకు కాపాడలేదు?

ప్రశ్న: కాలిఫోర్నియాలో బిగ్ బేర్ లేక్ దగ్గరుండే జాకీ, షాడో అనే బాల్డ్ ఈగిల్స్ (తెల్ల తల గద్దలు) జంట గూడుని లైవ్ కెమెరాలో చూస్తుంటానండీ. 2025 మార్చిలో మూడు పిల్లలు పుట్టాయి, మంచు తుఫానులో ఒకటి పోయింది. ఇరవైనాలుగు గంటలూ కెమెరా ఉండి కూడా ఎవరూ వెళ్ళి కాపాడలేదెందుకు? ఆ బాధ ఇంకా పోవట్లేదు. ఇంకోటి, పిల్లల తల తెల్లగా లేదేంటి?

జవాబు: నాకూ అంతేనండీ. వీపు మీద మంచు పేరుకుపోతున్నా తల్లి జాకీ పిల్లల్ని కింద దాచుకుని అలాగే కూర్చుంది, తుఫాను తగ్గాక చూస్తే రెండు పిల్లలే కనిపించాయి, ఆ దృశ్యం అంత తొందరగా మర్చిపోయేది కాదు. కానీ ఆ గూడు దాదాపు 145 అడుగుల ఎత్తున పైన్ చెట్టు మీదుంది, అలాంటి వాతావరణంలో మనిషి చెట్టెక్కితే ముందు బెదిరి లేచిపోయేది తల్లే, అది లేచిందంటే మిగతా రెండూ చలికి తట్టుకోలేవు. ఒకదాని కోసం వెళ్ళి మూడింటినీ పోగొట్టుకునేవాళ్ళం. పైగా అమెరికాలో ఈ పక్షుల కోసం 1940లోనే చట్టం చేశారు, పర్మిషన్ లేకుండా గూడు జోలికెళ్తే నేరం. అంత కట్టుదిట్టం అవసరమే, ఎందుకంటే 1963లో అలాస్కా, హవాయీ కాకుండా మిగతా 48 రాష్ట్రాల్లో గూడు కట్టిన జంటలు 417 మాత్రమే. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకు పల్చబడి తల్లి బరువుకే పగిలిపోయేవి, 1972లో దాన్ని బ్యాన్ చేశాక మెల్లగా కోలుకుని 2007లో అంతరించే జాతుల లిస్టులోంచి బయటపడ్డాయి.

ఈసారి చూసేటప్పుడు తల్లిదండ్రుల కాళ్ళు గమనించండి. చేపని చీల్చే ఆ గోళ్ళు పిల్లలకి ఎక్కడ గుచ్చుకుంటాయో అని గూట్లో నడిచేటప్పుడు వేళ్ళని పిడికిలిలా ముడుచుకుంటాయి, తర్వాత అటూ ఇటూ ఊగుతూ ఒంటి వెచ్చదనం సరిగ్గా తగిలేలా సర్దుకుని కూర్చుంటాయి. గుడ్డు పొదగడానికి సుమారు 35 రోజులు చాలు, 2024లో మూడు గుడ్లలోంచీ పిల్లలు రాకపోతే రెండు నెలలు దాటినా ఆ జంట వంతులేసుకుని కూర్చుంది, అది చూసినవాళ్ళకి 2025లో పిల్లలు పుడితే ఎంత సంతోషమో మీకు చెప్పక్కర్లేదు!

తల తెల్లబడ్డానికి నాలుగైదేళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఒళ్ళు ఎక్కువగా గోధుమ రంగే. బతికిన ఆ రెండు పిల్లలు సన్నీ, గిజ్మో జూన్‌లో గూడు దాటి ఎగిరాయి, గోధుమ రంగు తలలతోనే.