తాత తెచ్చిన కత్తి ఎక్కడిది?

ప్రశ్న: సార్, మా తాత ఓడల్ల పనిచేసినప్పుడు ఫిలిప్పీన్స్ నుంచి ఒక కత్తి తెచ్చిండు, మామిడాకు లెక్క నడుమ వెడల్పుంటది, కొన సన్నగ, పిడి చివర పక్షి తలకాయ. ఎక్కడిది, ఎంత పాతది? చింతపండుతోని తోమాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ చింతపండు పక్కకు పెట్టు, కత్తి మీద పట్టిన నల్లదనమే దాని వయసుకు సాక్ష్యం, తోమితే పోతది మళ్ల రాదు. నువ్వు చెప్పిన ఆకారం బరోంగ్‌ది, దక్షిణాన సులు దీవుల మోరో ముస్లింల కత్తి, ఆ పక్షి కాకతువ. వంకర్లు తిరిగి ఉంటే క్రిస్ అనేటోన్ని, గది గూడ మోరోలదే, ఉత్తరాన లుజాన్, నడుమ విసాయాస్ దీవుల దిక్కు రైతుల చేతుల ఉండే కత్తి బోలో. ఇగ వయసు సంగతి, అలుగు మీద వెలుగు పడేటట్టు పట్టి చూడు, కట్టె నారల లెక్క పొరలు కనిపిస్తే పాత పద్ధతిల ఇనుము, ఉక్కు కలిపి కొట్టింది. 1945 తర్వాత జీపుల కమాన్ కట్టలు సాగగొట్టి మస్తు కత్తులు చేసిండ్రు, వాటికి ఆ పొరలుండయి. అలుగు మీద ఊరి పేరు, సంవత్సరం చెక్కి ఉంటే సోల్జర్లకు అమ్మిన జ్ఞాపిక అనుకో. ఒర గూడ పారెయ్యకు, పిడి కాడ వెండి పట్టీ ఉందా చూసి ఫోటోలు పంపు.