మామా అడిగింది, ఏం చెప్పాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది సిద్ధవటం దగ్గర పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి నాలుగో ఏడు నడుస్తోంది. యజమానురాలు, అంటే మా మామా, మంచి మనిషే. రాత్రి నేను మోకరించడం చూసి, "రోజూ ఎవర్ని అడుగుతావు, ఏమి అడుగుతావు?" అంది. భయమేసి నవ్వి ఊరుకున్నాను. ఫోన్‌లో ఒక బోధకుడు, ప్రభువును గురించి చెప్పకపోతే ఆ ఆత్మల రక్తం మన మీదే ఉంటుందంటున్నాడు. చెబితే ఇంటికి పంపేస్తారేమోనని టెన్షన్. వీసాకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. మరో బాధ, నా పదమూడేళ్ల కొడుకు. మా అమ్మ దగ్గర ఉంటాడు. చర్చికి పోవడం మానేశాడు. వీడియో కాల్‌లో "బైబిల్ చదివినావా?" అంటే ఫోన్ అవ్వ చేతికిచ్చి వెళ్లిపోతాడు. కన్నకొడుకునే నిలబెట్టుకోలేని నేను ఇక్కడ ఎవరికేం చెప్పను? రంజాన్‌లో నేనూ ఉపవాసం ఉండాలా?
— ఒక చెల్లెలు, కువైట్

జవాబు: చెల్లీ, ముందు ఆ బోధకుడి మాట నీ నెత్తిన నుంచి దించు. రక్తం సంగతి యెహెజ్కేలు 33వ అధ్యాయంలో ఉంది. అక్కడ దేవుడు కావలివాడిగా పెట్టింది ఒక ప్రవక్తను, అదీ తన సొంత ఇశ్రాయేలు జనానికి. అప్పు మీద విమానమెక్కి, పరాయి ఇంట్లో పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా నిలబడే ఆడమనిషి మీద ఆ బరువు మోపడం నాకు అన్యాయంగా తోస్తుంది. మైకు ముందు నిలబడి చెప్పేవాళ్లకు నీ వంటగది తెలియదు.

నీలాంటి అమ్మాయి కథ బైబిల్లోనే ఉంది, రెండవ రాజులు 5వ అధ్యాయం. సిరియా సైన్యాధిపతి నయమాను ఇంట్లో పనిచేసే చిన్నది. చెరపట్టి తెచ్చిన పిల్ల, పేరు కూడా రాయలేదు. యజమానికి కుష్ఠు. షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి పోతే బాగవుతుంది అని యజమానురాలితో ఒక్క మాట అంది. ఆ మాట మీద అంత పెద్ద అధికారి ప్రయాణం కట్టాడు. ఎందుకు నమ్మారంటావు? ఆ పిల్ల తమ మేలు కోరేదని ఆ ఇంట్లోవాళ్లకు అప్పటికే తెలిసుండాలని నాకు అనిపిస్తుంది. తనను చెరపట్టిన ఇంటి మేలు కోరడం చిన్న సంగతి కాదు.

మీ మామా మళ్లీ అడిగితే నవ్వి తప్పించుకోవద్దు. "నేను ఈసాను నమ్ముకున్నాను మామా. నా కొడుకు కోసం, మీ ఇంటి కోసం అడుగుతాను" అని చెప్పు. ఈసా అంటే ముస్లింలు యేసును పిలిచే పేరు. ఆయన్ను, ఆయన తల్లి మర్యమ్‌ను వాళ్లు కూడా గౌరవిస్తారు, ఆ పేర్లు విని ఆమె ఉలిక్కిపడదు. మొదటి పేతురు 3:15లో ఉన్నదీ ఇదే: అడిగినవాళ్లకు, సాత్వికంతో. అంతకు మించి అడిగితే అంతకు జవాబు చెప్పు, అడగకపోతే ఆగు. ముస్లింలకు మరో మతం ప్రకటిస్తే కువైట్‌లో కేసు పెట్టే వీలుంది. కరపత్రాలు, వీడియోలు, వాళ్ల మతం మీద వాదన, ఇవేవీ వద్దు. ముఖ్యంగా ఆ ఇంటి పిల్లలకు చాటుగా ఏమీ నేర్పవద్దు. మీ అమ్మ ఇంట్లో నీ కొడుక్కి ఎవరైనా చాటుగా ఏదో నేర్పితే నీకెట్లుంటుంది?

నేనూ ఆ దేశంలో నర్సుగా పనిచేసి వచ్చినదాన్నే. కువైట్‌లో పాతవాళ్లు అమెరికన్ మిషన్ ఆసుపత్రిని ఇప్పటికీ తలుచుకుంటారు. 1912లో అక్కడికి వెళ్లిన డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ ఆడవాళ్లకు వైద్యం చేసింది. మన జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిని కూడా మన పెద్దలు అట్లనే తలుస్తారు, ఏ మతంవాళ్లయినా సరే. నీ చేతిలో మందుల పెట్టె లేదు. కానీ జ్వరమొచ్చిన ముసలామెకు రాత్రి లేచి నీళ్లు తాగించేది నువ్వేగా.

ఒంటరిగా ఉండొద్దు. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం తెలుగు ఆరాధన కూడా ఉంటుంది. ఒక గదిలో మన పాట, పక్క గదిలో మలయాళం, అటుపక్క అరబ్బీ, గుమ్మాల ముందు చెప్పుల కుప్పలు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతోంది. మామా మంచిదంటున్నావు కదా, నెమ్మదిగా అడుగు. వారం వారం కుదరకపోయినా నెలకొకసారైనా పంపమను.

ఇక పిల్లోడి సంగతి. చెల్లీ, వాడు దేవుడి మీద అలిగినట్టు నాకు కానరావడం లేదు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మ బస్సెక్కి పోయింది. ఇప్పుడు ఫోన్‌లో కనిపించిన ప్రతిసారీ పరీక్ష పెడుతోంది. నేనైనా ఫోన్ అవ్వకే ఇస్తాను. కొన్నాళ్లు బైబిల్ మాట ఎత్తకు. కువైట్‌లో అయిదు అయితే కడపలో ఏడున్నర. అక్కడ మీ మామా ఇంట్లోవాళ్లు లేవకముందు, వాడు బడికి బయల్దేరే వేళ అది. రాత్రి నీకు పని తెమిలేసరికి వాడు నిద్రలో ఉంటాడు కాబట్టి పొద్దునే చెయ్యి. ఏం తిన్నావురా, ఎవరితో ఆడినావు, లెక్కల్లో ఎన్నొచ్చినాయి అని అడుగు. వాడు క్రికెట్ గురించి పది నిమిషాలు చెబితే పది నిమిషాలూ విను.

తర్వాత ఒకరోజు నీ కష్టం వాడికి చెప్పు. "నడుం పట్టేసింది నాయనా, అమ్మ కోసం ఒక మాట ప్రార్థన చెయ్యి" అను. ప్రార్థన అమ్మ పెట్టే పనిగా కాకుండా అమ్మకు తాను చేయగల సాయంగా కనబడితే, ఆ వయసు పిల్లలు వెనక్కి పోరు. చర్చి ఎందుకు మానాడో మీ అమ్మను మెల్లగా కనుక్కోమను. "మీ అమ్మ కువైట్‌కు పోయిందంట" అని ఎవరో ఎగతాళి చేసుండొచ్చు, మంచి ప్యాంటు లేక సిగ్గుపడుతుండొచ్చు. కారణం తెలియకుండా తిట్టొద్దు. తిమోతికి విశ్వాసం అందింది అవ్వ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి అని పౌలు రాశాడు. మీ అమ్మ పొద్దున పాడుకునే పాట వాడి చెవిన పడుతూనే ఉంది, అది ఊరికే పోదు.

రంజాన్ ఉపవాసం నీ మీద లేదు. కానీ ఆ నెలలో పగలు బయట, నలుగురి ముందు తినడం, తాగడం అక్కడ నేరం, జరిమానా వేస్తారు. వంటగదిలో ఒక పక్కన కూర్చుని తిను, మందులు వేసుకునేదానివైతే అస్సలు మానొద్దు. ఇఫ్తార్ పనితో ఆ నెల శుక్రవారాలు బయటికి పోవడం కుదరదేమో, ముందే మాట్లాడి పెట్టుకో.

ఉత్తరంలో పిల్లోడి పేరు రాయలేదు. రాయి, ప్రార్థనలో తలుచుకుంటాను.